నున్జియాతా హాజరు

మా ఆయన సావెరియో చేతిరాత గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన రాసిన సరుకుల చీటీ ఒక్కటీ కొట్టువాడికి అర్థం కాలేదు. ఉప్పు రాస్తే సబ్బు వచ్చేది. అలాంటి మనిషి, చచ్చిపోయిన నున్జియాతా సంతకం మాత్రం రోజూ గీత తప్పకుండా పెడుతున్నాడు.

ఆయన శిక్షణ కేంద్రంలో గుమాస్తా. ఇటలీ కొసన మా కలాబ్రియా తీరంలో చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక, రోగుల సేవ నేర్పిస్తామని అక్కడ పనిచేసిన మా ఆడవాళ్లను పదిహేను మందిని చేర్చుకున్నారు. నిధులు బ్రస్సెల్స్‌లోని యూరప్ కూటమి నుంచి, మంజూరు మా ప్రాంత రాజధాని నుంచి, ఉపన్యాసం డైరెక్టర్ జప్పియా నుంచి. మెట్లకు రెయిలింగ్ కూడా వేశారు, కాగితం మీద. ఆ మెట్ల మీంచే మాలో ఒకతైన నున్జియాతా నా కళ్లముందు పడి చచ్చిపోయింది. ఇంట్లో గిన్నె మీద మూత పెట్టినా ఆ చప్పుడే వినిపిస్తుంది నాకు.

రెండు నెలలైంది. ఆమె కుర్చీలో ఎవరం కూర్చోం. హాజరుపట్టీలో మాత్రం రోజూ వస్తోంది. పట్టీలో బతికున్న మనిషిని మెట్లెలా చంపుతాయి? ఆమె తల్లి గుమ్మం దాకా వచ్చి అడిగితే, "ప్రమాదమా? ఇక్కడా?" అన్నాడు జప్పియా.

"ఆ సంతకం మానెయ్యి," అన్నాను మా ఆయనతో.

"పదిహేనుకి ఒక్కరు తగ్గినా తరగతి రద్దు. నీ తోటివాళ్ల పొట్ట కొట్టమంటావా?"

మా తరగతిలోని రొజీనా వంటింట్లో పద్నాలుగు మందిమీ కూడాం. "నిజం చెబితే సర్టిఫికెట్ పోతుందే," అంది ఒకామె.

"చెప్పకపోతే రేపు నువ్వు పడ్డా హాజరే," అంది రొజీనా. "చచ్చినా సెలవు దొరకదు."

నవ్వాం. నవ్వు ఆగాక ఎవరం ఏం వండి తేవాలో పంచుకున్నాం.

మాలో చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి పట్టుకెళ్తారు. రాజధాని నుంచి తనిఖీ అధికారిణి వచ్చిన రోజు నల్లబట్టలు కట్టుకుని, వేడి గిన్నెలు పట్టుకుని, గోడ ఆసరాగా ఆ మెట్లెక్కాం.

"ఏంటీ సంత?" అన్నాడు జప్పియా.

"తినండి డైరెక్టరుగారూ," రొజీనా గరిటె తీసింది. "రెండు నెలలుగా శవాన్ని ఇంట్లో పెట్టుకున్నారు. పొయ్యెలా వెలిగిస్తారు పాపం!"

అధికారిణి పట్టీ తిరగేసింది. "నున్జియాతా నిన్న కూడా వచ్చిందిగా?"

"రోజూ వస్తుందమ్మా. మాకంటే ముందే," అంది రొజీనా.

జప్పియా మావైపు తిరిగాడు. "తరగతి మూతపడుతుంది! ఆలోచించుకోండి!"

"తరగతి మూసుకో! ఆమె ఇక్కడే పడి చచ్చిపోయిందని రాసేదాకా కదలం!" అని అరిచాం అందరం.

మెట్టుకొకరం కూర్చున్నాం. బజారు బజారంతా కింద చేరింది. నున్జియాతా తల్లి నెమ్మదిగా ఎక్కి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈ సంతకం ఎవరు పెట్టారు?" అంది అధికారిణి.

జప్పియా మా ఆయన్ని ఉరిమి చూశాడు. మా ఆయన అతన్ని దాటుకుని వచ్చి, ముసలామె ముందు నిలబడ్డాడు.

"నేనేనమ్మా. వీళ్ల పొట్టకోసం అని చెప్పుకున్నాను. కాదు, ఉద్యోగం పోతుందని భయపడి పెట్టాను. తప్పు చేశాను."