తొమ్మిదో గడి

ముద్ర మీద బొటనవేలు ఆనించి మెల్లగా రుద్దింది చిన్నతల్లి. అసలు ముద్రయితే వేలికి గరుకు తగులుతుంది, రంగు ప్రింటయితే నున్నగా జారిపోతుంది. గరుకే తగిలింది. అప్పుడు ఫోటో చూసింది, పేరు చూసింది, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల జాబితాతో కలిపి చూసుకుంది. ఇవన్నీ అయ్యాక గానీ తలెత్తి ఎదురుగా కూర్చున్న పిల్ల మొహం చూడదు. ముందు మొహం చూస్తే కాగితం సరిగ్గా కనిపించదని ఆమె నమ్మకం.

స్టాఫ్ నర్సు పోస్టులకి సర్టిఫికెట్ల పరిశీలన మొదలై అది మూడో రోజు. జిల్లా ఆఫీసు వెనక, ఒకప్పుడు టీకా మందుల పెట్టెలు దాచిన పొడుగాటి హాలులో నాలుగు టేబుళ్ళు వేశారు. రెండోది చిన్నతల్లిది. బయట వరండాలో ఫైళ్ళు గుండెలకి హత్తుకుని అమ్మాయిలు, వాళ్ళ పక్కన కండువాల తండ్రులు, చంటిబిడ్డల్ని ఎత్తుకున్న మొగుళ్ళు. టోకెన్ నంబరు పిలిస్తే లోపలికొచ్చి కూర్చోవాలి. ఒక్కొక్కరికి ఒక పత్రం, అందులో పద్నాలుగు గళ్ళు. అసలు కాగితాలు చూసి చిన్నతల్లి గళ్ళు నింపుతుంది, అడుగున సంతకం చేస్తుంది. ‘పై వివరాలన్నీ చదువుకున్నాను, సరైనవే’ అన్న వాక్యం కింద అభ్యర్థి సంతకం చేస్తుంది. నూటికి తొంభై మంది చదవరు.

నిజానికిది ఆమె పని కాదు. గజపతినగరం అవతల ఒక పల్లెలో ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె కాంట్రాక్టు ఏఎన్ఎం. నియామకాలు వచ్చినప్పుడల్లా సూపరింటెండెంటు ధనరాజు గారు కబురుపెట్టి వారం రోజులు ఇక్కడికి రప్పిస్తారు. చేతిరాత గుండ్రంగా ఉంటుందట, తొందరపడదట. “చిన్నతల్లి టేబుల్ మీంచి వచ్చిన కాగితం నేను మళ్ళీ చూడను” అని ఆయన నలుగురిలో అన్నారు. ఇరవై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆమెకి దక్కిన బిరుదు అదొక్కటే.

తనకీ ఉద్యోగం పర్మినెంటయ్యే అవకాశం మూడుసార్లు వచ్చింది. మొదటిసారి పరిశీలన నాటికి పురిటి మంచం మీద ఉంది. రెండోసారి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. ఇంటింటికీ తిరిగి పోలియో చుక్కలు వేస్తూ మళ్ళీ నమోదు చేయించుకోవడం మరిచిపోయింది. అవతల కూర్చున్న గుమాస్తా తలెత్తకుండానే ‘లేదు’ అని రాసి పక్కకి తోశాడు. మూడోసారి వయసు నాలుగు నెలలు దాటింది. ఆ తర్వాత ఆమె టేబులుకి ఇవతలి వైపు రావడం మొదలుపెట్టింది.

ఇవతల కూర్చుని రోజుకి ముప్ఫై మందిని చూసి కుళ్ళుకునేది. ఆ కుళ్ళుకి మర్యాదైన పేరు పెట్టుకోవాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఒకత్తెకి మొగుడు గుమ్మం దగ్గర నీళ్ళ సీసా పట్టుకుని నిలబడితే కుళ్ళు. తన మొగుడు సోములు సాలూరులో లారీ ఎక్కాడంటే పది రోజులకి గానీ దిగడు. ఒకత్తె కాగితాలు వరసగా, మడత పడకుండా ఉంటే కుళ్ళు. వీళ్ళు వేళకి పుట్టారు, వేళకి చదివారు, వీళ్ళ కోసం నోటిఫికేషన్లు వేళకి వచ్చాయి. అయినా ఆ ఏడుపు మనసులోనే ఉండేది, ఏనాడూ చేతికి దిగలేదు. ఏ పిల్లకి రావలసింది ఆ పిల్లకి రాసి పంపేసేది.

నలభై ఒకటో టోకెన్ పిలిచారు. వచ్చింది సుహాసిని.

“నీ టేబులే తగలాలని మొక్కుకున్నానప్పా” అంది కూర్చుంటూనే, మెల్లగా.

సొంత అక్కని పిలిచినట్టే అప్పా అని పిలుస్తుంది. అదే ఊరు, గోగు పంట వేసే జోగయ్య కూతురు. ఇంటర్ అయ్యాక ఇంట్లో ఊరికే ఉంటే, పిల్ల చురుకుగా ఉందని చిన్నతల్లే టీకాల రోజున తోడు కూర్చోబెట్టుకుంది. బత్తాయి పండు మీద సూది ఎలా దింపాలో నేర్పింది. నర్సింగులో చేర్పించమని జోగయ్య ఇంటికి నాలుగుసార్లు తిరిగింది కూడా ఆమే. ఆ రోజుల్లో ఆ పిల్లంటే నిజంగానే ముద్దు. చదువు పూర్తి చేసి పండగ సెలవులకి వచ్చినప్పుడు ఊళ్ళో ముసలమ్మలు, “సుహాసిని సూదేస్తే నొప్పెట్టదు, ఆ గుంటనే రమ్మను” అన్నారు. అప్పుడు చిన్నతల్లి నవ్వింది. ఇంటికెళ్ళి ఆ పూట అన్నం తినలేదు.

సుహాసిని చెప్పుకుపోతోంది. పోయినసారి అరమార్కులో పోయిందట. ఈసారికి నర్సింగు పాసై ఆరేళ్ళు నిండాయి కాబట్టి ఏడాదికొక మార్కు చొప్పున ఆరు కలుస్తాయి, లెక్కేసుకుంటే సరిగ్గా అంచు మీద ఉన్నాదట. వస్తే గజపతినగరం ఆసుపత్రే కోరుకుంటుందట, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చని. రాకపోతే విశాఖలో ఆ ప్రైవేటు ఆసుపత్రే గతి. చిన్నతల్లి ఊఁ కొడుతూ కాగితాలు తిరగేసింది. అన్నీ అసలువే. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా గడువు లోపలే తిరిగి చేయించుకుంది. ఆ కాగితాన్ని మిగతావాటి కంటే ఎక్కువసేపు చూసింది.

తొమ్మిదో గడి, పాసైన నెల, సంవత్సరం. మార్కుల జాబితా పైభాగంలో నవంబరు 2018 అని ఉంది, అది పరీక్ష పాసైన తేదీ. కింద ఎడమ మూల చిన్న అక్షరాల్లో మార్చి 2019 అని ఉంది, అది జాబితా చేతికిచ్చిన తేదీ. కొత్తగా వచ్చినవాళ్ళు కింది తేదీ చూసి రాసేస్తారు, దాంతో అభ్యర్థికి ఏడాది తగ్గి ఒక మార్కు పోతుంది. మొదటి రోజు పొద్దున్నే ఆ సంగతి మిగతా ముగ్గురికీ వేలు పెట్టి చూపించింది చిన్నతల్లే.

కలం గడి మీద ఆగింది. గజపతినగరం ఆసుపత్రి తెల్ల గోడలు, వరండాలో చక్రాల మంచాలు, అక్కడ తెల్లకోటు వేసుకుని నడుస్తున్న సుహాసిని, అన్నీ కళ్ళముందు మెదిలాయి. నెలనెలా కాన్పు కేసులు తీసుకుని తను అక్కడికి వెళ్ళాలి. ఈ పిల్ల రిజిస్టరులో సంతకం పెడితే తను పక్కన నిలబడాలి. అప్పా కూర్చో అంటుంది, కుర్చీ కూడా వేస్తుంది.

మార్చి 2019 అని రాసింది. ఎప్పటిలాగే గుండ్రంగా రాసింది. ఒక్క కొట్టివేత పడలేదు. మిగతా ఐదు గళ్ళూ నింపి, సంతకం చేసి, పత్రాన్ని సుహాసిని ముందుకి తిప్పింది.

“సదూకుని సంతకం పెట్టు” అంది. ఆ మాట అనడం ఆమె విధి.

“నువ్వు రాసినాక నాను మల్లీ సదవాలేటప్పా” అని నవ్వి, సంతకం పెట్టి, ఫైలు సర్దుకుని వెళ్ళిపోయింది సుహాసిని.

భోజనాల వేళ మిగతా ముగ్గురూ వరండాలో క్యారేజీలు విప్పారు. చిన్నతల్లి కూడా విప్పింది. ఆనపకాయ కూర కలుపుతూ వేళ్ళని అన్నంలోనే తిప్పుతూ కూర్చుంది. తను చేసిందానికి ఆమె దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. తాత్కాలిక జాబితా వేశాక అభ్యంతరాలకి మూడు రోజులిస్తారు, చూసుకుంటే దానికే తెలుస్తుంది. చూసుకోకపోతే దాని తప్పు. చదివి సంతకం పెట్టమని తను చెప్పింది కదా. తన రిజిస్ట్రేషన్ గడువు దాటినప్పుడు ఎవరైనా పిలిచి చెప్పారా? ఇలా ఒక్కో జవాబూ చెప్పుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నం మాత్రం అలాగే ఉంచి క్యారేజీ మూసేసింది.

అసలు బాధ వేరే. ఆ పిల్ల చూసుకోదని ఆమెకి తెలుసు. అప్ప రాసిన కాగితంలో తప్పుంటుందని జోగయ్య కూతురికి కలలో కూడా తోచదు. మార్కు తగ్గితే ఎక్కడో లెక్క తేడా అనుకుని, తన అదృష్టమింతే అనుకుని, విశాఖ బస్సెక్కేస్తుంది.

మధ్యాహ్నం మరో పదహారు మందిని చూసింది. అన్ని తొమ్మిదో గళ్ళలోనూ పై తేదీయే రాసింది. నాలుగున్నరకి పత్రాలన్నీ దారంతో కుట్టి సూపరింటెండెంటు గదికి పంపాలి. ఈలోగా నలభై ఒకటో కాగితం బయటికి తీయడానికి ఆమె చెయ్యి రెండుసార్లు కట్ట మీదికి వెళ్ళింది. రెండుసార్లూ ఇంకో టోకెన్ పిలిచారు. పిలవకపోయినా తీసేదో లేదో చెప్పలేం.

నాలుగు దాటాక హాలు ఖాళీ అయింది. చిన్నతల్లి దబ్బనంలో దారం ఎక్కిస్తుంటే గుమ్మంలో సుహాసిని కనిపించింది. ఎండలో తిరిగి మొహం ఎర్రబడింది. బస్సు ఎక్కకుండా బజారంతా తిరిగిందట. దగ్గరికొచ్చి సంచిలోంచి చిన్న కవరు తీసి టేబుల్ మీద పెట్టింది. అందులో కళ్ళజోడు ఉంది.

“పొద్దున సూసినాను. కాగితం మూరెడు దూరం పెట్టి సదూతన్నావు. నాను ఏసుకుని సూసినాను, అచ్చరాలు పెద్దగా అగుపిస్తన్నాయి. నచ్చకపోతే మార్సి ఇస్తానన్నాడు కొట్టోడు” అంది.

చిన్నతల్లి కళ్ళజోడుని చూసింది. తన కూతురు గమనించలేదు, సోములు గమనించలేదు, ఇరవై ఒక్క ఏళ్ళుగా తెలిసిన ధనరాజు గారు గమనించలేదు. ఇది గమనించింది. ఉద్యోగం అంచుల మీద వేలాడుతున్న రోజున బస్సు మానుకుని కొట్లు తిరిగింది. ఆ క్షణాన చిన్నతల్లికి కలిగింది పశ్చాత్తాపమని అనుకుంటే పొరపాటు. ఆమెకి మళ్ళీ కుళ్ళే పుట్టింది, పొద్దుటి దానికంటే ఎక్కువగా. చదువూ దీనికే, వయసూ దీనికే, ఆఖరికి ఇలాంటి మనసు కూడా దీనికే దొరికిందా అని. తనకి ఇంత వయసు వచ్చినా ఎవరి కళ్ళ గురించీ ఇలా తోచలేదు.

కుట్టబోయే కట్టలోంచి నలభై ఒకటో కాగితం లాగి సుహాసిని ముందు పడేసింది.

“సదువు” అంది.

సుహాసిని మొదటి గడి నుంచి చదివింది. తొమ్మిదో గడి దగ్గర ఆగింది. ఫైలు తెరిచి మార్కుల జాబితా తీసి పక్కన పెట్టుకుని చూసింది. మొహం ఒక్కసారి పాలిపోయి, వెంటనే తేరుకుంది.

“కింద తేదీ పడిపోనాది. దిద్దేద్దుంలే అప్పా, ఇంకా కుట్టనేదు కదా. కల్లు సరిగ్గా ఆనక పడిపోనాది. అందుకే తెచ్చినాను మరి.”

చాలా సులువైన దారి. ఔనని తల ఊపితే చాలు. కళ్ళజోడు పెట్టుకుని, నవ్వి, గడి దిద్ది, ఇద్దరూ కలిసి గజపతినగరం బస్సెక్కొచ్చు. ఈ పిల్ల జన్మలో ఇంకో మాట అడగదు. కానీ దీని చేత క్షమించబడి, దీని కళ్ళజోడు పెట్టుకుని, దీని మంచితనం మోస్తూ బతకడం చిన్నతల్లి వల్ల కాలేదు.

“కల్లు బాగానే ఆనినాయి” అంది. “రెండు తేదీలూ సూసినాను. తెలిసే రాసినాను.”

సుహాసిని ఆమె మొహంలోకి చూసింది. ఏటికప్పా అని అడుగుతుందనుకుంది చిన్నతల్లి. అడిగితే చెప్పడానికి ఇరవై ఒక్క ఏళ్ళు ఉన్నాయి. సుహాసిని కాగితం తీసుకుని సూపరింటెండెంటు గదిలోకి నడిచింది. వెనకే చిన్నతల్లి వెళ్ళింది.

“పొరపాటున కింది తేదీ పడింది సార్” అని చెప్పింది సుహాసిని. అది చిన్నతల్లిని కాపాడటానికి చెప్పిన అబద్ధం కాదు, ఆ గదిలోంచి తొందరగా బయటపడటానికి చెప్పిన మాట.

ధనరాజు గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. నీ దగ్గర కూడానా అన్నట్టు చిన్నతల్లి వైపు చూశారు. గడి కొట్టించి, పక్కన నవంబరు 2018 అని రాయించి, ముగ్గురి సంతకాలూ వేయించారు. సుహాసిని ఈసారి పద్నాలుగు గళ్ళూ వేలు పెట్టి చదివాక, తన కలం తీసి సంతకం పెట్టింది. రేపటి నుంచి ఇంకెవరినైనా కూర్చోబెడతాననీ, చిన్నతల్లి ఊరికెళ్ళి తన పని చూసుకోవచ్చనీ ధనరాజు గారు చెప్పారు. ఆ కట్ట మొత్తం ఇక్కడే వదిలెయ్యమన్నారు, మళ్ళీ ఒకసారి ఆయనే చూస్తారట.

బయటికొచ్చేసరికి సుహాసిని మెట్లు దిగుతోంది. ఎక్కడికెళ్ళినా వెళ్ళొస్తానప్పా అని చెప్పి గానీ కదలని పిల్ల, వెనక్కి తిరగకుండా గేటు దాటి, రోడ్డు దాటి, బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయింది. అదే బస్సు తనూ ఎక్కాలి. చిన్నతల్లి వరండాలో నిలబడి ఆ బస్సు వచ్చి వెళ్ళేదాకా ఆగింది. తర్వాత క్యారేజీ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

తలుపులు మూయడానికొచ్చిన వాచ్‌మన్‌కి రెండో టేబుల్ మీద కళ్ళజోడు కనిపించింది. కవరు సగం జారి ఉంది. ఎడమ అద్దం మీద, ఎంత పవరో చెప్పే గుండ్రటి చిన్న కాగితం ఇంకా ఊడదీయకుండానే ఉంది.