దుర్గ బరువు

కిరందుల్ కంపెనీ క్వార్టర్లలో తెల్లారితే మొదటి పని ఎర్రధూళి తుడవడం. రాత్రంతా గుట్ట మీంచి దిగిన ఇనుప దుమ్ము కిటికీ రెక్కల మీద, టీవీ మీద, మూత బిగించిన బియ్యం డబ్బా లోపల కూడా పల్చగా పరుచుకుని ఉంటుంది. కల్యాణి తడిగుడ్డతో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూ, నోటితో పిల్లల్ని లేపుతూ, చెవి మాత్రం వరండా వైపు పెట్టింది. అక్కడ మొగుడు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఆమెకి అన్నిటి మీదా అనుమానమే. పాలవాడి కొలతనీ, గ్యాస్ సిలిండర్ సీలునీ, పక్కింటావిడ పొగడ్తనీ ఒకే కంటితో చూస్తుంది. చాలాసార్లు ఆమె అనుమానమే నిజమవుతుంది కాబట్టి ఆ అలవాటు మానుకోవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

పైడిరాజు ఫోను జేబులో పెట్టుకుని లోపలికొచ్చి, "పిల్లల్ని జగదల్పూర్ వాటర్ పార్కుకి తీసుకెళ్దుమే," అన్నాడు.

కల్యాణి చేతిలో గుడ్డ ఆగిపోయింది. పైడిరాజు గనిలో డంపర్ నడుపుతాడు. మంచివాడే గానీ చెయ్యి మహా బిగువు. సంతలో జిలేబీ కొట్టు కనబడిందంటే పిల్లల్ని అవతలి వరసలోంచి తిప్పి తీసుకొచ్చే మనిషి. అలాంటివాడు ఎవరూ అడక్కుండా పార్కు మాటెత్తాడు.

"ఏటండీ సంగతి?" అంది.

"సంగతేటుంటాది? పిల్లల సరదా."

"మరి ఖర్చో?"

"అన్నయ్యా వదినా విజయనగరం నుంచి కార్లో వస్తన్నారు. టికెట్లు అన్నయ్య తీస్తాడంట. మామూలు రోజున పోతే అవీ చవకే. మనం పొద్దున్న రైలుకి పోయి సాయంత్రం రైలుకి వచ్చేద్దుం. పులిహోర కలిపి పట్టుకుపోదుం. ఇంకేటి ఖర్చు?"

"విజయనగరం నుంచి ఘాట్ రోడ్డెక్కి, కోరాపుట్ దాటి, జగదల్పూర్ వచ్చి నీళ్లలో దిగాలా మీ అన్నయ్య? పక్కనే ఉన్న సముద్రం ఎండిపోయిందా?"

అంతలో వెనక గదిలో టప్పుమని చప్పుడైంది. దుర్గ పడుకున్న మంచానికి నవ్వారు తెగింది.

దుర్గ వాళ్ల చిన్నది. ఐదేళ్లు నిండి నెల దాటింది. తన గురించి ఎవరైనా ఏదైనా దాచినా, అబద్ధమాడినా ఆ పిల్ల బరువెక్కిపోతుంది. నిజం బయటపడగానే మళ్లీ మామూలవుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. కొందరు పిల్లలకి పాలు పడవు, కొందరికి వేరుశనగ పడదు, ఈ పిల్లకి దాపరికం పడదు అని అందరూ సరిపెట్టుకున్నారు. సూది నొప్పెట్టదని చెప్పిన నర్సమ్మ, పిల్లని బల్ల మీంచి దించడానికి ఇద్దరు మగవాళ్లని కేకెయ్యాల్సొచ్చింది. అంగన్‌వాడీ దీదీ అయితే తూకం ముల్లు ఎగరగానే, "ఏం దాచారమ్మా?" అని తల్లిని అడిగి, చెప్పించుకుని, మళ్లీ తూచేది. విచిత్రమేమంటే ఆ బరువు దుర్గకి తెలీదు. గెంతుతూనే ఉంటుంది. గచ్చుకీ, ఎత్తుకునేవాళ్ల నడుముకీ తెలుస్తుంది.

కల్యాణి వెళ్లి పిల్ల చంకల కింద చేతులేసి లాగింది. కదల్లేదు.

"పార్కులో ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదంట," అన్నాడు పైడిరాజు గుమ్మంలోంచి, తల గోక్కుంటూ. "దీనికి నాలుగున్నరని చెప్పెద్దుం అనుకున్నాం. అదయ్యుంటాది."

అప్పటికప్పుడు అన్నకి ఫోన్ చేసి దుర్గకీ టికెట్ తియ్యమన్నాడు. పిల్ల కాస్త తేలికైంది. పూర్తిగా కాలేదు. అతను అంత త్వరగా ఒప్పేసుకోవడం కూడా కల్యాణికి నచ్చలేదు. పెద్ద దొంగతనం దాచేవాడే చిన్నది ముందుగా ఒప్పుకుంటాడని ఆమె లెక్క.

ఆ వారమంతా ఆమె ఇంట్లో ఉన్న అబద్ధాలన్నీ ఏరడం మొదలుపెట్టింది. బాలవాడీ టీచరుకి "పాపకి జ్వరం, గురువారం రాదు" అని ముందే చెప్పి ఉంచింది. వెళ్లి నిజం చెప్పేసింది. టీచరు కోప్పడలేదు. "నేనే అడుగుదామనుకున్నా. పాప కూర్చునే బెంచీ వంగింది," అంది. దుర్గ ఇంకాస్త తగ్గింది. పెద్ద జారుడుబండ ఎక్కిస్తామని పిల్లకి ఆశ పెట్టారు, దానికి వేరే టికెట్టు ఉంది. "అమ్మలూ, అది ఎక్కించం. డబ్బులు లేవు," అని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పింది. దుర్గ గుక్కపెట్టి ఏడ్చింది. వాళ్లన్న అవినాష్, రెండో క్లాసు వాడు, "నేనూ ఎక్కను లేవే," అని త్యాగం చేశాడు. పిల్ల మళ్లీ కొంచెం తగ్గింది. అయినా ఎత్తుకుంటే మాత్రం నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తినట్టే ఉంది.

కోసి ఆ వాడలో ఇంటింటికీ తిరిగి చింతపండు, ఆకుకూరలు అమ్ముతుంది. దోర్నపాల్ అవతలి పల్లె ఆమెది. గంప దించి దుర్గని ఒళ్లోకి లాక్కోబోయి, వల్లగాక వదిలేసింది.

"ఏందమ్మా, పిల్ల బరువు ఇంకా దిగలే? ఇంట్ల ఇంకేదో దాస్తున్రు. పెద్దదే."

"ఎవరంటావు?"

"నాకేం ఎరుక? ఫోన్ల గుసగుసలు ఎవరివో నువ్వే చూసుకో," అని కోసి గంపెత్తుకుంది.

ఫోన్లో గుసగుసలు పైడిరాజువే. అవతల అతని తల్లి అప్పలకొండమ్మ. ఆవిడ పెద్దకొడుకు దగ్గర విజయనగరంలో ఉంటుంది. కల్యాణి దగ్గరికి రాగానే సంభాషణ వానల మీదికి మళ్లేది. ఇంత కరువుదీరా వాన కబుర్లు చెప్పుకునే తల్లీకొడుకుల్ని ఆమె ఎక్కడా చూడలేదు.

బుధవారం సాయంత్రం బట్టల సంచీ తానే సర్దుతానన్నాడు పైడిరాజు. పెళ్లయ్యాక అతను సంచీ సర్దడం అదే మొదలు. అతను స్నానానికి వెళ్లగానే కల్యాణి సంచీ తిరగేసింది. అవినాష్‌కి ఒక జత బట్టలున్నాయి. దుర్గవి ఉన్న గౌన్లన్నీ ఉన్నాయి, దగ్గు మందు సీసా ఉంది. అన్నిటికీ అడుగున పాత నీలం చీర ముక్క మడతపెట్టి ఉంది. అది చెంప కింద లేకపోతే దుర్గకి నిద్ర పట్టదు.

సాయంత్రానికి తిరిగొచ్చే పిల్లకి అక్కడ నిద్ర ఎందుకు?

పిల్లల్లేని బావగారు, ఆయన కారు, అత్తగారి గుసగుసలు ఒక్కసారిగా ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. బాత్రూం తలుపు బాదుదామనుకుంది. బాదితే అతను ఇంకో అబద్ధం ఆడతాడు, అంతే. పోనీ ప్రయాణం మానేద్దామా అంటే ఇవాళ కాకపోతే ఇంకోనాడు, తను ఇంట్లో లేనప్పుడు జరుగుతుంది. అందరూ ఒకచోట ఉన్నప్పుడు, తన కళ్ల ముందే తేలాలి. అందాకా పిల్లని ఎవడూ ఎత్తుకుపోలేడు, ఆ బరువే కాపలా. అలా ధైర్యం చెప్పుకుని చీర ముక్కని మళ్లీ అడుగునే పెట్టి, పులిహోరకి చింతపండు నానబెట్టింది.

జగదల్పూర్ ఊరి బయట పార్కు గేటు దగ్గర రాంప్రసాద్ ఎదురొచ్చాడు. పైడిరాజుకి అన్న, పెద్ద గొంతు, పెద్ద నవ్వు. దుర్గకి బొమ్మ, కొత్త గౌను తెచ్చాడు. అవినాష్‌కి చాక్లెట్ తెచ్చాడు. ఆ తేడాని కల్యాణి మనసులో వేసుకుంది. ఆయన వెనక భార్య కృష్ణకుమారి చిన్నగా నవ్వుతూ నిలబడింది. మొగుడు తనవైపు చూసినప్పుడల్లా ఆమె నవ్వు కాస్త పెరుగుతోంది. పిల్లని అడిగింది ఈవిడే అయ్యుంటుందని కల్యాణి అనుకుంది. ఆ నవ్వు మీద ఒళ్లు మండింది.

బయటి తిండి లోపలికి కుదరదని గేటు మనిషి పులిహోర డబ్బా ఆపేశాడు. పారేస్తే పాపమని, పట్టుకుని తిరిగితే పాడవుతుందని, పొద్దున్నే అందరూ గోడ నీడలో కూర్చుని మధ్యాహ్నం భోజనం తినేశారు. తర్వాత నీళ్లలో దిగారు. అవినాష్ చేపపిల్ల అయిపోయాడు. దుర్గ రబ్బరు చక్రంలో కూర్చోగానే చక్రం అడుక్కి పోయింది. మోకాలి లోతు నీళ్లే కాబట్టి, అడుగున కూర్చుని అందరి కాళ్లనీ గిల్లుతూ నవ్వుతోంది. చిన్న జారుడుబండ ఎక్కబోతే మెట్టు కిర్రుమంది. అక్కడి కుర్రాడు విజిల్ ఊది, పైడిరాజు దగ్గరికొచ్చి హిందీలో, "భాయ్‌సాబ్, ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకుని రావాలి కదా. మా ప్లాస్టిక్ విరిగిపోతుంది," అన్నాడు.

పైడిరాజు మొహం ఎర్రబడింది. కల్యాణి అతన్నే చూస్తోంది. అతను నీళ్లకేసి చూశాడు.

రైలు వేళవుతోందని బయటికొచ్చాక, రాంప్రసాద్ కారు వెనక తలుపు తెరిచాడు.

"దుర్గమ్మా, పెదనాన్న కారెక్కుతావా?"

దుర్గ కారు పక్కన నిలబడి బొమ్మ జుట్టు పిండుతోంది. రాంప్రసాద్ వంగి ఎత్తబోయి నడుం పట్టుకుని లేచాడు. పైడిరాజు వచ్చి ప్రయత్నించాడు. పిల్ల మడమ కూడా లేవలేదు.

కల్యాణి సంచీలోంచి చీర ముక్క తీసి అతని ముందు పట్టింది.

"ఇదెందుకు తెచ్చారు?"

పైడిరాజు తల దించుకున్నాడు. "అమ్మ అడిగిందే. మీకు ఇద్దరున్నారు, వాళ్లకి ఒక్కరూ లేరు అంది. అక్కడ స్కూలు బాగుంటాది. ఈ దుమ్ముండదు, దీని దగ్గు తగ్గుతాది. ముందు పది రోజులని చెప్పి, నీకు అలవాటయ్యాక..."

"నాకు అలవాటయ్యాకా?" కల్యాణి గొంతు పార్కింగు అంతా వినబడింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె మొగుణ్ణి నువ్వు అంది. "నా పిల్లని నాకు తెలీకుండా, నీళ్లాటకని తీసుకొచ్చి ఇచ్చేస్తావా నువ్వు? దగ్గుకి మందుంది. దీనికి మందుందా?"

ఇక అంతా తేలిపోయిందనుకుని, వంగి పిల్లని ఎత్తుకోబోయింది. దుర్గ లేవలేదు. ఇంకోసారి, ఒళ్లంతా బలం చేసుకుని లాగింది. లేవలేదు.

అంత భయం ఆమెకి ఎప్పుడూ వెయ్యలేదు. కన్న చేతులకే పిల్ల అందడం లేదు.

"చూశావా," అన్నాడు రాంప్రసాద్ మెత్తగా. "దానికీ మాతో రావాలనే ఉందేమో. మంచి బతుకు నువ్వెందుకు ఆపుతావమ్మా?"

కల్యాణి బుర్ర మాత్రం ఆగలేదు. ఇంకొకటి ఉంది. ఎవరి దగ్గర? మొగుడు మొత్తం కక్కేశాడు. బావగారికి కావాలి, ఆ సంగతి దాచడం లేదు. ఇద్దర్నీ దాటి ఆమె చూపు కృష్ణకుమారి నవ్వు మీద ఆగింది. పొద్దుట్నుంచీ అది ఒక్క క్షణం కూడా దిగలేదు. సంతోషంగా ఉన్నవాళ్లు అన్నేసి గంటలు నవ్వరు.

"అక్కా, మీరు చెప్పండి. నా పిల్ల మీకు కావాలా?"

"అదేం ప్రశ్న?" అన్నాడు రాంప్రసాద్. "పిల్లల కోసం తను మొక్కని దేవుడు లేడు."

"కావాలి," అంది కృష్ణకుమారి.

దుర్గ కాళ్ల కింద సిమెంటు పలక పుటుక్కున పగిలింది.

కృష్ణకుమారి పగులుని చూసింది. నవ్వు మెల్లగా దిగిపోయింది. అది దిగిపోయాక ఆమె ఎంత అలిసిపోయి ఉందో కల్యాణికి కనిపించింది.

"వద్దు," అంది కృష్ణకుమారి. "నాకొద్దు కల్యాణీ. మొదట్లో కావాలనుకున్నా. రాలేదు, ఏడ్చాను. ఎప్పుడో ఆ ఏడుపు ఆగిపోయింది. కుట్టుమిషను పెట్టుకున్నా, నలుగురు ఆడపిల్లలకి పని నేర్పుతున్నా, నా పొద్దు నాకు బాగానే పోతోంది. పెంచే ఓపిక గానీ ఆశ గానీ నాకిప్పుడు లేవు. ఆ మాటంటే నువ్వు ఆడదానివేనా అంటారని, అత్తయ్య అడిగినప్పుడల్లా కావాలి కావాలి అంటూ వచ్చాను. పొద్దున కారెక్కేటప్పుడు కూడా నోరు రాలేదు."

"నాతోనైనా చెప్పలేదేం?" అన్నాడు రాంప్రసాద్. ఆ పెద్ద గొంతు ఎక్కడికో పోయింది.

"మీకు చెప్పాలంటేనే ఎక్కువ భయం."

ఆయన తెరిచి పట్టుకున్న కారు తలుపుకి ఆనుకుని నిలబడిపోయాడు. దుర్గకి ఈ గోలంతా విసుగొచ్చినట్టుంది. తనకి దగ్గరగా ఉన్న మనిషి వైపు చేతులు చాచి, "కాళ్లు నొప్పి, ఎత్తుకో," అంది. దగ్గరగా ఉన్నది కృష్ణకుమారి.

ఆమె జంకుతూ వంగింది. పొద్దుట్నుంచీ ఆ పిల్లని ఎత్తుకోవడానికి ఆమె ఒక్కసారీ ముందుకు రాలేదు. చేతులు వెయ్యగానే దుర్గ చంకలోకి వచ్చేసింది. అంత సులువుగా వస్తుందనుకోని కృష్ణకుమారి వెనక్కి తూలి నిలదొక్కుకుంది. తర్వాత పిల్ల మెడలో మొహం పెట్టి చాలాసేపు ఏడ్చింది. కల్యాణి తొందరపెట్టలేదు.

"స్టేషన్ దాకా కార్లో దింపండి బావగారూ," అంది చివరికి. "పాప అక్క ఒళ్లో కూర్చుంటుంది."

దారిలో పైడిరాజు ఒకసారి కల్యాణి వైపు చూసి, ఆ చూపుకి ఇవాళ జవాబు రాదని తెలుసుకుని కిటికీ వైపు తిరిగాడు. దుర్గ పెద్దమ్మ ఒళ్లో, నీలం చీర ముక్క చెంప కింద పెట్టుకుని నిద్రపోయింది. ప్లాట్‌ఫాం మీద రైలాగాక, కృష్ణకుమారి నిద్రపోతున్న పిల్లని తలుపు దగ్గర నిలబడ్డ కల్యాణికి అందించింది. కల్యాణి పిల్లని అందుకుని, అలవాటు కొద్దీ చేతుల్లో ఒకసారి పైకీ కిందికీ ఊపి చూసుకుంది. ఐదేళ్ల పిల్ల ఎంత బరువుండాలో అంతే ఉంది.