కోయని కేకు

రెండు వేల సంవత్సరం, హైదరాబాదు వీధుల్లో పడవలు తిరిగిన వరద ఏడాది అది. సింగపూరు ఉత్తరపు అంచున సెంబవాంగ్‌లో ఆ వేళ వాన లేదు. బ్లాకు మెట్లన్నీ ఊడ్చి వచ్చిన భద్రయ్య చీపురు తలుపు వెనక పెట్టి, కాళ్ళు కడుక్కుని, నేల మీద గొంతుక్కూర్చుని చాక్లెట్ బిస్కెట్లు దంచడం మొదలుపెట్టాడు.

అరవై ఏడేళ్ళ మనిషి. షిప్‌యార్డులో ఓడల తుప్పు గీకి గీకి అరచేతులు చెక్కల్లా బిగిసిపోయాయి. కిటికీ పక్క మంచం మీంచి భార్య కొండమ్మ చూస్తోంది. పది రోజులుగా గంజి తప్ప ఏదీ ఆమె గొంతు దిగడం లేదు. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎందుకని భద్రయ్య అడగలేదు.

కేకు తినాలని ఉందని నిన్న ఆమే అంది.

తెల్లదొరలు నేవీ బేసులో ఉన్న కాలంలో కొండమ్మ ఓ దొరసాని ఇంట్లో పదకొండేళ్ళు వంట చేసింది. వారం వారం కేకు చేసింది. చుట్టాలు వెళ్ళాక పళ్ళేల్లో మిగిలిన ముక్కలు దొరసాని ఇవ్వబోతే తల అడ్డంగా ఊపేది. ఒకరు కొరికి వదిలిన ఎంగిలి ఆమె ముట్టదు. కోయని కేకులోంచి మొదటి ముక్క ఇవ్వాలని దొరసానికి తోచలేదు. అడగడం కొండమ్మకు చేతకాలేదు.

పక్క ఫ్లాటులో అద్దెకుండే సత్యవాణి, బ్యాంకులో కంప్యూటర్ల పని చేసే పిల్ల, ఆఫీసుకు పోతూ గుమ్మంలో ఆగింది.

"అంకుల్, నెట్‌లో చూశాను, చాలా ఈజీ. బిస్కెట్ పొడి, పాలు, పంచదార, ఒక ఈనో ప్యాకెట్. అంతే. ఓవెన్‌లో ముప్పావుగంట."

"ఓవెన్ లేదు కదమ్మా."

"అయ్యో, అదే ఆలోచించలేదు! పోనీ సాయంత్రం బేకరీలో కొనుక్కొస్తాను."

"కొన్నది నాకొద్దు" అంది కొండమ్మ. "కుడుములు ఉడకేసే గిన్ని లేదేటి? దాన్లో పెట్టు."

"ఆంటీ, అప్పుడది కేకా, కుడుమా?"

"ఉబ్బితే సాలు. పేరు తరవాత పెడదాం."

సత్యవాణి నవ్వుకుంటూ ట్రైనుకు పరుగెత్తింది.

భద్రయ్య గిన్నె అడుగున నీళ్ళు పోసి, పిండి ఉన్న చిన్న గిన్నె అందులో దించి, చెమట కిందికి కారకుండా మూతకు గుడ్డ చుట్టాడు. కాసేపటికి గదంతా తీపి ఆవిరి నిండింది. కిటికీ అద్దం మసకబారింది. జలసంధి వైపు నుంచి ఓడ కూత మెత్తగా, నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపించింది. కొండమ్మ కళ్ళు మూతలు పడ్డాయి.

"దొరసాని కుక్క అరస్తంది. తలుపు తియ్యి."

"తీసినాన్లే."

అన్నం ఉడికిందో లేదో మెతుకు నోట్లో వేసుకుని చూడటం అతని అలవాటు. చేయి గిన్నె దాకా వెళ్ళి ఆగిపోయింది. పుల్ల గుచ్చి చూశాడు. పుల్లకు అంటిన తడిని నాకకుండా గుడ్డకు తుడిచేశాడు.

కేకు మధ్యలో కాస్త కుంగింది. మొదటి ముక్క కోసి పళ్ళెంలో తెచ్చాడు.

"నువ్వు నోట పెట్టలేదు కదా?"

భద్రయ్య గిన్నె తెచ్చి ఆమె కళ్ళ ముందు వంచాడు. కోసిన చోటు ఒక్కటే ఉంది.

చెంచాడు ఆమె నోట్లో పెట్టాడు. చాలాసేపు ఉంచుకుని మింగింది. గొంతు దిగింది. రెండోదీ దిగింది.

"ఏ రోట్లో దంచినావు?"

అతను గిన్నె మీద మూత సర్దసాగాడు.

"కారం రోట్లోనా!"

"మూడుసార్లు కడిగినాను."

"నాలుగోసారి బద్ధకమేసినాదా?" నవ్వితే దగ్గొచ్చింది. మూడో చెంచా తనే పట్టుకుని తిన్నది. సగం ముక్క ఉండగానే పళ్ళెం పక్కన పెట్టించుకుని, అతని చేయి పట్టుకుని పడుకుంది.

ఎండ ఎదురు బ్లాకు గోడ మీద నెమ్మదిగా పైకి పాకింది. సాయంత్రం సత్యవాణి వచ్చి "ఆంటీ" అని పిలిస్తే పలకలేదు. చేయి పట్టుకునే ఉన్న భద్రయ్యకు కూడా కొండమ్మ ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలియలేదు.

మర్నాడు పొద్దున, నేల మీద చాపకు దించిన కొండమ్మ దగ్గర దీపం వెలుగుతోంది. సత్యవాణి ఇల్లు సర్దుతూ పళ్ళెం తీసి సింకు వైపు నడిచింది.

"ఇలా ఇయ్యమ్మా."

"అంకుల్... ఆంటీని ఇంకా తీసుకెళ్ళకుండా ఇంట్లో తినకూడదంటారు కదా."

భద్రయ్య పళ్ళెం అందుకున్నాడు. చాప పక్కన కూర్చుని, ఆమె వదిలిన సగం ముక్కను ఆమె చెంచాతోనే తిన్నాడు. పళ్ళేనికి అంటిన పొడి కూడా వేలితో అద్దుకున్నాడు. కడుగుతానంటే ఇవ్వలేదు. ఖాళీ మంచం మీద, దిండు పక్కన, చెంచాతో సహా ఆ పళ్ళెం అలాగే ఉంది.