చూసినవారు: ఒకరు

డ్రాయింగు టీచరుకు అనుమానం జాస్తి. ఇంటికి తాళం వేశాక లాగి చూస్తుంది, వీధి మలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతుంది. కొత్త పెన్సిలు కొంటే సీసం చివరిదాకా ఉందా, సగంలోనే ఆపేశారా అని షాపువాణ్ణి నిలదీస్తుంది. స్కూల్లో పిల్లలు చాటుగా అనుమానాలమ్మ అని పిలుచుకునేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆ పేరు ఎవరు పెట్టారన్న విషయంలో కూడా ఆవిడకొక అనుమానం ఉంది.

ఇంత అనుమానంలోనూ ఆవిడ నమ్మిన మనిషి ఒక్కడున్నాడు, భర్త. ఆయన పోయి ఏడాది తిరిగిందో లేదో, సరిగ్గా ఆ ఒక్కణ్ణే జనం అనుమానించడం మొదలుపెట్టారు.

ఆయనది పోస్టు ముద్రల పిచ్చి. ఆ ప్రాంతంలో ఏ పోస్టాఫీసు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో, ఎక్కడ ఏ ముద్ర కొట్టేవారో చెప్పే లావుపాటి పుస్తకం రాశాడు. పాత కవర్లు పోగుచేసేవాళ్ళు ఏ కవరు దొరికినా ముందు ఆ పుస్తకం తెరిచి, బొమ్మ పక్కన పెట్టి పోల్చుకుంటారు. బొమ్మలన్నీ టీచరు గీసినవే. కవరు మీద ముద్ర ఎప్పుడూ శుభ్రంగా పడదు. కొట్టేవాడు విసుగులో ఉంటే సగమే పడుతుంది, సిరా ఎక్కువైతే అలుక్కుపోతుంది, ఫోటో తీస్తే నల్లటి మచ్చ వస్తుంది. అందుకే దాని మీద ట్రేసింగు కాగితం పరిచి, నిబ్బుతో ఒక్కో గీతా ఎత్తి రాయాలి.

ఆ పుస్తకం వేసిన పాత కవర్లవాళ్ళ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఏ ముద్రనైనా అసలు కవరు మీద కనీసం ఇద్దరు కళ్ళారా చూస్తేనే పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎంతమంది చూశారో బొమ్మ కింద చిన్న అక్షరాల్లో వేస్తారు. పుస్తకం మొత్తంలో ఒక్క బొమ్మ కిందే "చూసినవారు: ఒకరు" అని ఉంది. అది వంతెన శిబిరం ముద్ర.

నది మీద వంతెన కట్టే రోజుల్లో పనివాళ్ళ కోసం గుడారంలో ఒక పోస్టాఫీసు నడిచిందట. పని కాగానే ఎత్తేశారు. తపాలా శాఖ రికార్డుల్లో దాని ఊసే లేదు. ఒక తాపీమేస్త్రి కొడుకు దగ్గర, తండ్రి అక్కడి నుంచి రాసిన ఉత్తరం కవరుతో సహా ఆయన కంటపడింది. తండ్రి గుర్తు కాబట్టి ఇవ్వనన్నాడా కొడుకు. బతిమాలితే ఒక్క పూటకు కవరు ఇంటికి తీసుకెళ్ళనిచ్చాడు. ఆ పూటే టీచరు బొమ్మ గీసింది, సాయంత్రానికి కవరు తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత ఆ కుటుంబం ఎటు పోయిందో ఎంత వెతికినా అంతుపట్టలేదు. ఆయన పట్టుబట్టడం వల్ల కట్టుబాటు సడలించి ఆ ముద్రను వేశారు.

"నేనూ చూశాను కదండీ, ఇద్దరని వేయండి," అంది టీచరు అప్పట్లో.

"పెళ్ళాన్ని సాక్షిగా తెచ్చుకున్నాడని నవ్వుతారే," అన్నాడాయన.

ఆ మాట ఆవిడ కడుపులో అలాగే ఉండిపోయింది. మనిషి పోయినా ఆ కోపం పోలేదు. వంట చేస్తూ చేస్తూ హఠాత్తుగా ఆ మాట గుర్తొచ్చి, గరిట ఠంగుమని పెట్టేసిన రోజులున్నాయి.

ఇప్పుడు పుస్తకం రెండో కూర్పు తెస్తున్నారు. సంఘం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. పుచ్చు పన్ను కనబడితే పీకేదాకా నిద్రపోని రకం.

"ఒక్కరు చూసిన ముద్రను ఉంచితే పుస్తకం మొత్తం మీద నమ్మకం పోతుందమ్మా," అన్నాడు ఫోనులో. "ఇంకో కవరు దొరికిందా, సరే. లేదంటే తీసేయక తప్పదు."

ఆయన మర్యాదగానే చెప్పాడు. మిగతా సభ్యులకు అంత మర్యాద లేదు. కొత్త ముద్ర కనిపెట్టాడన్న పేరు కోసం కక్కుర్తి పడి టీచరు భర్తే కల్పించాడని గుసగుసలాడుకున్నారు. అవి చెవిన పడ్డప్పుడల్లా టీచరుకు ఒళ్ళు మండిపోయేది. ఆ బొమ్మ తీసేస్తే, ఆయన అబద్ధాలకోరని ఆయన పుస్తకమే ఒప్పుకున్నట్టు అవుతుంది. అంతకంటే అవమానం ఇంకేముంది?

సరిగ్గా అప్పుడు మరిది ఒక కవరు పట్టుకొచ్చాడు. మరిదికి గడియారాల రిపేరు షాపు ఉంది. అన్న వెనకాలే తిరిగి ఈ పిచ్చి అంటించుకున్నవాడు.

"దొరికింది వదినా! వంతెన శిబిరం!" అన్నాడు గుమ్మంలోంచే.

టీచరు కవరు అందుకోబోయి, చేతులు తడిగా ఉన్నాయని చీర చెంగుకు తుడుచుకుంది. కళ్ళు మసకేసి ముద్ర సరిగ్గా కనబడనేలేదు. ఇక ఎవడు నోరెత్తుతాడో చూస్తాననుకుంది. ఆ సంతోషం ఎంతసేపు? ముక్కు చీదుకునేలోపే పాత బుద్ధి తల ఎత్తింది.

"ఎక్కడ దొరికింది?"

"పాత పుస్తకాలవాడి దగ్గర. ఏదో పెట్టెలో, అడుగున పడి ఉంది."

"ఏ వీధిలో వాడు?"

"ఏ వీధైతే ఏంటి వదినా? దొరికింది కదా."

టీ ఇస్తే వేడివేడిగా గటగటా తాగేశాడు. మామూలుగా అయితే ఒక కవరు దొరికిన వైనం చెప్పడానికి ఒక పూట తీసుకునే మనిషి. ఎండలో ఎంత నడిచాడో, అమ్మేవాడు ఎంత మొండికేశాడో, అన్నీ చెబితే గాని వదలడు. ఆ రోజు కవరు బల్ల మీద పెట్టి, బొమ్మ గీయమని చెప్పి, చెప్పుల్లో కాళ్ళు పెట్టేసుకున్నాడు.

కాసేపటికి పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. ఆయన గొంతులో పండగే.

"మీ మరిది ఫోటో పంపాడమ్మా! ఎవరో ముసలాయన అల్మారా సర్దుకుంటుంటే బయటపడిందట కదా!"

"అవునట," అంది టీచరు. పుస్తకాలవాడు ముసలాయన ఎప్పుడయ్యాడు, పెట్టె అల్మారా ఎప్పుడయింది?

"పైగా చూశారా? బయటి వలయం కింద ఎడమవైపు విరిగి ఉంది, మన పుస్తకంలో బొమ్మలాగే. అదే ముద్ర! ఇంక సందేహం దేనికి?"

ముద్రల వాళ్ళందరికీ అదే లెక్క. వాడగా వాడగా ముద్ర అరుగుతుంది, వలయం ఎక్కడో ఓ చోట విరుగుతుంది. రెండు కవర్ల మీద ఒకే చోట విరుపు ఉందంటే రెండూ ఒకే ముద్రతో కొట్టినవని తీర్పు. దాని మీద ఇక అప్పీలు లేదు.

టీచరు ఫోను పెట్టేసింది. భూతద్దం తీసుకుని కవరు మీదికి వంగింది. విరుపు ఉంది. కింద, ఎడమవైపు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

ఎందుకంటే ఆ విరుపు ముద్రది కాదు, టీచరుది. ఆ పూట తాపీమేస్త్రి కవరు మీద కాగితం పరిచి గీస్తుంటే, పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు అంచు నుంచి ఒక బొట్టు జారి కాగితం మీద గీసిన వలయం మీద పడింది. సిరా పాకకుండా బ్లేడుతో గీకేస్తే అక్కడ గీత తెగిపోయింది. మళ్ళీ గీస్తానంటే, భర్త అప్పటికే కవరు తీసుకుని చెప్పులేసుకున్నాడు. చీమ తలంత సందు ఎవరికి కనబడుతుందిలే అన్నాడు. అసలు కవరు మీద వలయం నిండుగా, ఎక్కడా తెగకుండా ఉంది. ఈ కవరు మీద ముద్రను పుస్తకంలో బొమ్మ చూసి చేశారు, తప్పుతో సహా.

ఆవిడ కవరు సంచీలో పెట్టుకుని మరిది షాపుకు వెళ్ళింది. తాళం లాగి చూడడం కూడా మరిచిపోయింది. షాపులో గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చూపించడం లేదు. మరిది కంటికి అద్దం బిగించుకుని ఏదో చక్రం బాగుచేస్తున్నాడు. ఆవిడను చూడగానే తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"ఎవరు చెక్కారు?" అంది టీచరు.

"ఏంటి వదినా?"

"నాటకాలొద్దు. ఈ ముద్ర ఎవరు చెక్కారు?"

మరిది కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే. ఇత్తడి బిళ్ళ మీద. తేదీ మాత్రం మార్చాను. ఖాళీ కవరు అన్నయ్య సొరుగులోదే," అన్నాడు. తర్వాత ఉక్రోషంగా, "అన్నయ్య పేరు వాళ్ళ నోళ్ళలో నలుగుతుంటే చూస్తూ ఊరుకోమంటారా? అసలు మీకెలా తెలిసింది? మీ గీత వెంట్రుకవాసి తప్పకుండా దించాను. మీ బొమ్మ మీద నాకంత నమ్మకం!"

టీచరుకు నవ్వాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు.

"నా బొమ్మ మీద ఉందా నమ్మకం? మీ అన్నయ్య మాట మీదో?"

అతను అద్దాన్ని చొక్కా అంచుతో తుడవసాగాడు.

"ఆయన నిజంగా చూశాడనుకుంటే వెతికేవాడివి. లేదనుకున్నావు కాబట్టే చెక్కావు. అవునా కాదా?"

మరిది తల వంచుకుని చక్రాన్ని వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. ఊరంతా గుసగుసలాడినప్పుడు కూడా టీచరుకు ఇంత బాధ కలగలేదు. ఆయన సొంత తమ్ముడు! ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"చెప్పేస్తారా వదినా?" అన్నాడతను చివరికి.

టీచరు సంచీ భుజాన వేసుకుని షాపు మెట్లు దిగింది. చెప్పకపోతే ఆయన పేరు నిలుస్తుంది. చెబితే బొమ్మ పోతుంది, ఆ గుసగుసలే నిజమని జనం చంకలు గుద్దుకుంటారు. ఇంటికి వెళ్ళేదాకా ఈ రెండే ఆవిడ బుర్రలో తిరిగాయి.

ఆదివారం పళ్ళ డాక్టరు క్లినిక్కులో, రోగులు కూర్చునే గదిలో సంఘం సమావేశమయింది. కవరు చేతులు మారింది. అందరూ భూతద్దంతో చూసి, విరుపు దగ్గర తల ఊపారు. ఆయన సొంతంగా కల్పించాడని అందరికంటే ముందు అన్న పెద్దమనిషి, "నేనెప్పుడూ ఆయన్ను అనుమానించలేదు," అన్నాడు సిగ్గులేకుండా. మరిది తలుపు దగ్గర చివరి కుర్చీలో కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు.

డాక్టరు పెన్సిలు తీశాడు. "ఇక దీన్ని ఖాయం చేద్దామా?"

"వద్దు," అంది టీచరు లేచి. "అది నకిలీ."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ నీళ్ళ బొట్టు సంగతి, బ్లేడు సంగతి మొత్తం చెప్పింది. "అసలు ముద్రకు విరుపు లేదు. విరుపు ఉన్న కవరు ఏదైనా సరే, నా బొమ్మ చూసి చేసిందే. తీసేయాలంటే పుస్తకంలో ఉన్న బొమ్మ తీసేయండి. దీన్ని మాత్రం పెట్టకండి."

"ఎవరు చేశారంటారు?" అన్నాడొకాయన.

మరిది కుర్చీలోంచి సగం లేచాడు. టీచరు అతని వైపు ఒక్క చూపు చూసింది. లేచినవాడు కూర్చుండిపోయాడు.

"నాకేం తెలుసు?" అంది.

అనుమానాలమ్మ నోట ఆ మాట విని డాక్టరు కనుబొమ్మలెత్తాడు. ఏదో అర్థమైనట్టే ఉంది, పైకి అనలేదు. పుస్తకం మీద పెన్సిలుతో తడుతూ కూర్చున్నాడు.

"అమ్మా, అసలు దానికి విరుపు లేదని మీకెలా తెలుసు?"

"చూడకుండా ఎలా గీస్తానండీ? కవరు నా బల్ల మీద ఉంది. దాని మీద కాగితం పరిచి గీశాను."

"ఆయన ఎక్కడో చూసి పెన్సిలుతో దించుకొస్తే, మీరు దాన్ని సిరాతో దిద్దారనుకున్నాం ఇన్నాళ్ళూ!"

"మీరు అడిగారా? ఎవరైనా అడిగారా?" టీచరుకు పాత కోపమంతా గొంతులోకొచ్చింది. "ఆయనైతే నా పేరు వేస్తే నవ్వుతారన్నాడు. పెళ్ళాం సాక్ష్యం చెల్లదుగా! చెల్లకపోతే ఇప్పుడు కూడా నమ్మకండి."

డాక్టరు తాపీగా అన్నాడు. "మొన్న వచ్చి చూశానని చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదమ్మా, నిజంగానే. భర్త కోసం చెబుతున్నారనుకునేవాణ్ణి. ఇవాళ మీరు నోరు మెదపకపోతే ఆయన పేరు భేషుగ్గా నిలిచేది కదా?"

"నిలిచేది. నాకు నిద్ర పట్టేది కాదు."

డాక్టరు కవరును పక్కకు తోసి, పుస్తకంలో వంతెన శిబిరం పేజీ తీశాడు. ఎవరినీ అడగలేదు. బొమ్మ కింద "ఒకరు" అన్నదాన్ని కొట్టేసి, పక్కన "ఇద్దరు" అని రాశాడు. చూసుకోమన్నట్టు పుస్తకాన్ని టీచరు వైపు తిప్పాడు.

ఆవిడ ఆ మాటను భూతద్దం పెట్టి చదివింది. తర్వాత తలెత్తి గదిలో ఉన్న ముఖాలన్నిటినీ వరసగా చూసింది, ఎవడు నవ్వుతాడా అని. ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర మరిది ఏడుస్తున్నాడు. ఆవిడకు మాత్రం ఇంటికెళ్ళి, గోడ మీది ఫోటోలో ఉన్న భర్తతో గట్టిగా పోట్లాడాలనిపించింది.