చల్లార్చి, ఒక గంట ఆగాలి

పొద్దున్నే మా అత్తగారు వెర్నాకి నేను ఓట్స్ జావ తినిపిస్తుంటే, మా ఆయన డ్వేన్ మంచు బూట్లు తొడుక్కుంటూ, "నీ పురుగులకి తిండి పెట్టే వేళయింది, ఆర్డీ," అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అదే హాస్యం. నిజానికి అవి పురుగులు కావు, బ్యాక్టీరియా. మనిషి జన్యువు ఒకటి వాటిలో పెడితే అవి మనిషి ప్రొటీన్‌ని తయారుచేస్తాయి. దాన్ని కడిగి, వడకట్టి, చిన్న చిన్న సీసాల్లో నింపి పరిశోధకులకు అమ్మే కంపెనీలో నేను పనిచేస్తాను. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండుసార్లు చెప్పాను. ఆ తర్వాత చెప్పడం మానేశాను.

ఆ ఏడాది మా ప్రాణం తీసిన ప్రొటీన్ ఒకటుంది. మన కణాల లోపల సరుకంతా పల్చటి పొరతో చేసిన సంచుల్లో ఒకచోటి నుంచి మరోచోటికి వెళుతుంది. ఏ సంచీ ఎక్కడ ఆగాలో చూసుకునే ప్రొటీన్లలో ఇదొకటి. బ్యాక్టీరియా దాన్ని బోలెడంత చేసేవి కానీ, అంతా విరిగిన పాలలా గడ్డకట్టి అడుగున కూర్చునేది. డాక్టరేట్లున్న ముగ్గురు మగవాళ్ళు నాలుగు నెలలు కుస్తీ పట్టారు. "అవి కంగారుగా చేస్తున్నాయేమో, చల్లబరిచి చూద్దామా?" అని అడిగాను. "చల్లబరిచాం ఆర్డిస్, లాభం లేదు," అన్నాడు మా ల్యాబు పెద్ద, కోలిన్ బ్రాషర్, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే. చల్లబరిచారు నిజమే. కానీ ప్రొటీన్ చెయ్యమని పురమాయించే మందు వేశాక చల్లబరిచారు. నేను ఒక ఫ్లాస్కు పక్కకు తీసి, ముందు చల్లార్చి, ఒక గంట ఆగి, అప్పుడు మందు వేశాను. మర్నాడు ప్రొటీన్ అంతా నీళ్ళలో కరిగి, తేటగా వచ్చింది.

కేకు తెప్పించారు. "మొత్తానికి సాధించాం!" అన్నాడు కోలిన్. ఆ 'సాధించాం'లో నేనూ ఉన్నాననే అనుకున్నాను. ఇంతలో, "ఆర్డిస్, కాస్త నువ్వు కోసి పెట్టవూ?" అన్నాడు. ఇరవై రెండు ముక్కలు కోశాను. కంపెనీ పుస్తకంలో ఆ పద్ధతి కింద అతని పేరే పడింది. కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది, కోపం కూడా రాకపోవడం.

ఆ ఆదివారం వెర్నా తల రుద్దుతూ, ఎందుకో, ఇదంతా ఆమెకి చెప్పాను. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. మాట ఒక్కొక్కటే కూడబలుక్కుంటుంది. కళ్ళు మూసుకుని అంతా విని, "నీ... పేరు?" అంది.

"రాయలేదమ్మా."

సబ్బునురగ చెవిలోకి పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను. "జున్ను... నేను చేశా. కౌంటీ సంత పోటీలో ఫస్టు. బహుమతి రిబ్బను మీద... హారల్డ్ పేరు." హారల్డ్ అంటే మా మామగారు. "కొట్టంలో కట్టాడు. ముప్పై ఏళ్ళు... దాని దుమ్ము నేనే దులిపా." నవ్వబోయింది, సగం మొహమే నవ్వింది. తడిచెయ్యి నా మణికట్టు మీద వేసి, "నేను... చెప్పలేదు," అంది. అంతే. ఆ వేళ్ళకి అంత పట్టు ఇంకా ఉందని నాకు తెలియదు.

ఫిబ్రవరిలో టూసాన్ నుంచి మరిసెలా కింతెరో అనే పరిశోధకురాలు ఫోన్ చేసింది. కోలిన్ సీట్లో లేడని నేనెత్తాను. పాపం, విసిగిపోయి ఉంది. "మీ సీసాలో ప్రొటీన్ బంగారంలా పనిచేస్తోందండీ. మీరు పంపిన పద్ధతి ప్రకారం మేం చేస్తే మాత్రం గడ్డలే. అసలు ఇది చేసిందెవరు?"

"నేనే," అన్నాను.

"అమ్మయ్య! ఎప్పుడు చల్లబరచాలో ఎలా తెలుస్తుందండీ మీకు?"

పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లోగానీ, ఆ ఆఫీసులోగానీ నన్ను ఎవరూ అలా అడగలేదు. ఫ్లాస్కు వెనక చీటీ పెట్టి, బ్యాక్టీరియా పెరిగి దాని మీది అక్షరాలు మసకబారగానే తీసి చల్లార్చాలని చెప్పాను. గంట ఆగాలని చెప్పాను. ఆ గంటలో ఏమీ ముట్టుకోకూడదని చెప్పాను. ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "ఒక్క వారం వచ్చి మా ల్యాబు పిల్లలకి నేర్పిస్తారా?" అంది.

కోలిన్ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. "టూసాన్‌కి నేను వెళతాను. పుస్తకంలో ఆ పద్ధతి కింద నా పేరు రాయండి. ముందు చల్లార్చాలన్న ముక్క కూడా రాయండి, అది లేకే వాళ్ళకి రావడం లేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అదేంటి ఆర్డిస్, మనమంతా ఒక టీమే కదా..."

"టీమే. అందులో నా పేరు ఆర్డిస్ టాలెఫ్‌సన్. రెండు 'ఎల్'లు."

అతను పెన్ను తీసుకున్నాడు.

ఇంట్లో చెప్పడమే కష్టమైంది. డ్వేన్ చెడ్డవాడు కాదు. చలికాలం రోజూ నాకంటే ముందు లేచి నా కారు మీది మంచు గీకిపెడతాడు. కానీ, "వారమా? మరి అమ్మ సంగతి?" అన్నాడు, ఆ జవాబు నా దగ్గరే ఉండాలన్నట్టు.

"మీ అమ్మే కదా, డ్వేన్," అన్నాను మెల్లగా.

కుర్చీలోంచి వెర్నా నవ్విన చప్పుడు వచ్చింది.

అతను నావైపు, తల్లివైపు, మళ్ళీ నావైపు చూశాడు. ఎంత పెద్ద మనిషి, ఎంత బెదిరిపోయాడో! ఆ చేతులతో ట్రాక్టర్లు విప్పి బిగిస్తాడు, తల్లి జుట్టు మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. జాలేసింది. అయినా "పోనీలే, ఏదో చూస్తాను" అని మాత్రం అనలేదు. నా నోటిని అంతసేపు మూసి ఉంచడం ఆ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది.

చివరికి అతను చొక్కా చేతులు పైకి మడుచుకుని, గొంతు సవరించుకుని, పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి నన్నొక మాట అడిగాడు.

"ఎలా చెయ్యాలో చూపించు, ఆర్డీ."