తుపాకీ నోటికి బొట్టు

కొబ్బరినూనె వాసన.

తుపాకీ తుడిచే కిరసనాయిలు వాసన రావాల్సిన చోట — కొబ్బరినూనె వాసన.

తుపాకీ చుట్టిన మూట పూర్తిగా విప్పకముందే సైదావలి ముక్కు ఎగబీల్చాడు. బెజవాడ వన్ టౌన్‌లో, కాలవగట్టు పక్కన తుపాకులు బాగుచేసే కొట్టు ఆయనది. మనుషుల మాట కంటే తన ముక్కునే ఎక్కువ నమ్ముతాడు.

మూట ఉయ్యూరు వైపు నుంచి వచ్చింది. తెచ్చింది సుబ్బరత్నం, ఆమె మరిది. మరిది దాన్ని బల్లమీద పెట్టి ఆస్పత్రికి పరుగెత్తాడు. ఆమె కొట్టులోనే ఉండిపోయింది.

ఆస్పత్రిలో ఉన్నది ఆమె భర్త మాణిక్యం.

తెల్లవారుజామున, మంచులో, చెరకుతోటలో అడవిపంది. మొదటి దెబ్బ తగిలింది. పంది తిరగబడింది. రెండో తూటా పేలలేదు... పంది ఆయన తొడ చీల్చేసింది.

ఎమర్జెన్సీ రోజులు. గట్టిగా దగ్గడానికి కూడా భయపడే ఊరు, మాణిక్యం దగ్గరికొచ్చేసరికి నోరు పారేసుకుంది. చేతులు వణికాయట. పైప్రాణాలు పైనే పోయాయట.

తప్పు మనిషిదా, తుపాకీదా? ఆమెకి అదొక్కటే కావాలి.

పాత విలాయతీ రైఫిలు. ఒక తూటా పేలగానే మరొకటి తనంతట తానే పైకి రావాలి. సైదావలి మేగజైన్‌లో మందులేని తూటాలు పెట్టి, చేత్తో లాగి వదిలాడు.

ఒకటి వెళ్ళింది.

రెండోది సగం దాకా లేచి ఆగింది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ సగంలోనే.

మేగజైన్ అంచులు వంగలేదు. గొట్టం శుభ్రం. స్ప్రింగు విరగలేదని వేలికి తెలుస్తూనే ఉంది. తయారుచేసిన దొరలను తిట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా తిట్టాడు. మేగజైన్ అడుగు రేకు ఊడదీశాడు.

ఎరుపు.

ఎండలకి కరిగి, చలికి గడ్డకట్టి, ఏళ్ళ తరబడి పేరుకున్న ఎరుపు. స్ప్రింగు చుట్ల మధ్య బంకలా...

తుప్పు ఇంత ఎర్రగా ఉండదు.

దసరాకి ఆయుధపూజ అందరూ చేస్తారు. బొట్టు తుపాకీ వెనక కర్రకి పెడతారు. ఇది లోపలికెలా పోయింది?

స్ప్రింగు ముసలిదైపోయిందమ్మా, అందామనుకున్నాడు. ఆమె అప్పటికే ఆయన చేతిలో ఆ ఎరుపు తుడిచిన గుడ్డ చూసింది.

"అది మా ఇంటి కుంకుమేనండీ."

పెళ్ళయిన కొత్తలో మాణిక్యం మేగజైన్ చూపించి వేళాకోళమాడాడట. ఇదే దీని నోరు, తిండి పెట్టేది ఇక్కడే, అని. అప్పట్నుంచి ఏటా ఆ నోటికే బొట్టు పెట్టింది. రాలకుండా కొబ్బరినూనెలో కలిపి మరీ పెట్టింది. ఆయన్ని చల్లగా చూడమని.

సైదావలికి జాలేసింది. గుడ్డని పిడికిట్లో మడిచాడు.

ఆమే అంది.

"అయితే ఆయన చెయ్యి వణకలేదన్నమాట."

కాలవగట్టు మీద మరిది వస్తున్నాడు. ఈసారి పరుగెత్తడం లేదు. ముఖం కనబడేంత దగ్గరికి ఇంకా రాలేదు.

ఆమె లేచి నిలబడింది. నుదుట అదే ఎరుపు.

గుడ్డలో గడ్డకట్టిన నూనె సైదావలి చేతివేడికి కరుగుతోంది...

కొట్టంతా కొబ్బరినూనె వాసన.