కాయని చెట్టుకు పూచీ

గడ్డం గీసుకునే బ్రష్షును కాశప్ప గడ్డానికి వాడక నాలుగేళ్లయింది. ఇప్పుడు స్టూలెక్కి, దాని మెత్తటి కుచ్చును ఒక పువ్వు మీద తిప్పి, పసుపుపచ్చటి పుప్పొడి అంటగానే పక్క చెట్టు పువ్వుకు రాస్తున్నాడు. తెల్లటి మందపు రేకుల నడుమ గుత్తిగా ఎర్రటి కేసరాలు. ఎంత ముచ్చటైన పూలో! ఒక్కటీ పిందె కట్టదు.

"ఏమయ్యా, ఆటో వస్తాంది. ఇంకెంతసేపు?" అంది భార్య సిద్ధమ్మ, సద్ది డబ్బా తెచ్చి.

"ఐపోయింది. ఇంక రెండు కొమ్మలే."

బ్రష్షును కిటికీ గూట్లో నిలబెట్టి, ఎడమ భుజం నొక్కుకుంటూ బయల్దేరాడు. రెండు రోజులుగా ఆ చెయ్యి ఒకటే గుంజుతోంది. చేతులెత్తి స్టూలు మీద నిలబడటం వల్లేననుకున్నాడు.

ఆ మొక్కను పన్నెండేళ్ల కిందట వ్యవసాయ మేళాలో కొన్నాడు. ఫీజోవా అనే పరదేశపు పండు చెట్టన్నారు, పండితే ఇల్లంతా వాసనొస్తుందన్నారు. నోరు తిరగక సిద్ధమ్మ దాన్ని పరాయి జామ అంది. చెట్టు పూసిందే గాని కాయలేదు. దీనికి తోడు చెట్టుండాలని ఎవరో చెప్పారు. జామకు అంట్లు కట్టడంలో తండ్రి దగ్గర చెయ్యి తిరిగినవాడు కదా, కాశప్ప ఆ చెట్టు కొమ్మకే అంటు కట్టి, వేరు పోశాక కోసి పక్కన నాటాడు. అదీ పూసింది, అదీ కాయలేదు. ఈ ఏడు కూడా కాయకపోతే రెండూ కొట్టేసి అక్కడ గది వేసుకోమని తమ్ముడి కొడుకు సంజుకు మాటిచ్చాడు.

అతను పనిచేసేది కొల్హార్‌లోని అట్టపెట్టెల కార్ఖానాలో. ముప్పై ఏళ్లుగా అట్ట మడవడం, జిగురు పూయడం, అదిమి పట్టుకోవడం. ఆ పెట్టెల్లో ఏం నింపుతారో అతను ఎన్నడూ అడగలేదు. అతను సెలవు పెట్టిన రోజు ఎవరూ వెతకరు కూడా. "ఏం కాశప్పా, పండ్లెప్పుడు?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే మాత్రం ముఖం వెలిగిపోయేది. "ఈ ఏడు చూడుర్రి," అనేవాడు. ఆ మాట అంటూ అంటూనే ముసలివాడయ్యాడు.

సాయంత్రం ఆటోలో నర్సరీలో పనిచేసే విద్యాసాగర్ పక్కన కూర్చున్నాడు. కాశప్ప రుమాలు విప్పి, పొద్దున కోసి తెచ్చిన పూలు చూపించి, తన కష్టమంతా చెప్పాడు.

"రెండో చెట్టు ఎక్కడిది మామా?"

"దాని కొమ్మకే అంటు కట్టిన."

విద్యాసాగర్ చేతిలోని పువ్వును తిరిగి రుమాల్లో పెట్టాడు. "అది తోడెట్లయితది మామా? సూపుకు రెండు గాని చెట్టొక్కటే. దాని పుప్పొడి దానికే రాస్తున్నవ్. వేరే గింజకు పుట్టిన చెట్టు కావాలె. ఇవి ఎన్నేండ్లున్నా కాయవు."

"ఇప్పుడు పెడితే?"

"పూతకొచ్చేసరికి నాలుగైదేండ్లు."

సంజు నాలుగు వారాలు ఆగడు. కాశప్ప రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది గాని ఆటో నిండా మనుషులు.

ఇంట్లో సిద్ధమ్మ గొడ్డలికి పసుపు పెట్టి ఉంచింది. ఆ రోజు అమావాస్య. అమావాస్యనాడు బెదిరిస్తే కాయని చెట్టు కాస్తుందని నమ్మకం: ఒకరు గొడ్డలెత్తాలి, ఒకరు చెట్టు తరఫున బతిమాలాలి. ఇన్నేళ్లూ నవ్వి కొట్టిపారేసిన కాశప్ప ఈసారికి ఒప్పుకొని ఉన్నాడు.

"కాస్తవా, నరికెయ్యాల్నా?" అని గొడ్డలెత్తాడు. ఎడమ చెయ్యి సరిగా లేవలేదు.

సిద్ధమ్మ అడ్డమొచ్చి మొదలును కావలించుకుంది. "కొట్టకయ్యా. ఈ ఒక్క ఏడు ఆగు. వచ్చే ఏడు కాస్తది. నాది పూచీ."

ఆ మాటలు కాశప్పవి. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరని తల్లి మారుమనువు మాటెత్తినప్పుడు ఇదే వాకిట్లో "ఈ ఒక్క ఏడు ఆగవ్వా, నాది పూచీ" అని బతిమాలాడు. తల్లి పోయేదాకా ఏటేటా బతిమాలాడు. తలుపు వెనక నిలబడి సిద్ధమ్మ అన్నీ విన్నదని అతనికి ఇవాళే తెలిసింది.

విద్యాసాగర్ చెప్పింది చెప్పడానికి నోరు రాలేదు. "సరే, ఇడిసిపెట్టిన తియ్యి," అన్నాడు. గొడ్డలి కింద పెట్టి చెట్టుకు ఆనుకొని కూర్చున్నాడు. సిద్ధమ్మ సంతోషంగా చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి కాశప్ప ప్రాణం పోయింది. పని నుంచి వచ్చి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు.

దినాలు అయ్యాక సంజు గొడ్డలి పట్టుకొచ్చాడు.

"కొట్టకు బిడ్డా. వచ్చే ఏడు కాస్తది. మీ పెద్దనాయనకు పూచీ ఇచ్చిన," అంది సిద్ధమ్మ. సంజు గొడ్డలి దించి వెనక్కి పోయాడు.

కిటికీ గూట్లో బ్రష్షు అలాగే నిలబడి ఉంది, కుచ్చులో ఆ చివరి పొద్దుటి పుప్పొడి ఇంకా పసుపుపచ్చగానే ఉంది.